శాస్త్రవ్యాసములకు పండితపరీక్ష

“శాస్త్రజ్ఞులు కనుగొనిరి” అను మాట పత్రికలో కనబడినంతనే మనలో కొందఱు నమ్ముదురు; కొందఱు నవ్వి త్రోసివేయుదురు. రెండును విచారణలేని పనులే. ఆ మాటను అచ్చునకు ముందు ఎవరు పరీక్షించిరని అడుగుట మేలైన మార్గము. మందు పుచ్చుకొనువారును నీరు త్రాగువారును మన బిడ్డలే గావున ఈ విచారణ గృహిణులకు మిక్కిలి అవసరము.

మా పటాన్‌చెరు పేరు అట్టి యొక వ్యాసము వలన దేశదేశముల విద్వాంసులకు తెలియవచ్చినది. 2007 నాటికి ఇచ్చట సుమారు 90 మందుల కర్మాగారముల మురుగునీటిని శుద్ధిచేయు కేంద్రమొకటి ఉండెను. అందుండి వెలువడు నీటిని స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడగు జోకిమ్ లార్సన్ మఱి యిరువురతో కూడి పరీక్షించెను. సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు అందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు ఉన్నదని 2007లో ఒక శాస్త్రపత్రికయందు ప్రకటించిరి. కొన్ని సూక్ష్మజీవులకు హాని చేయజాలు మోతాదునకు ఇది వేయిరెట్లకు మించినది. మందునీటిలో చావక మిగిలిన సూక్ష్మజీవులు దానికి లొంగనివై పెరుగవచ్చును. రేపు బిడ్డకు జబ్బుచేసిననాడు ఆ మందే పనిచేయకపోవచ్చును.

ఇట్టి వ్యాసములు అచ్చునకు ఎక్కు విధము వినదగినది. రచయిత తన వ్రాతప్రతిని సంపాదకునకు పంపును. పత్రికకు తగనిదియు, మొదటి చూపులోనే లోపము కానవచ్చునదియు అక్కడనుండియే తిరిగివచ్చును. మిగిలినదానిని సంపాదకుడు ఆ శాస్త్రమునందే కృషిచేయు ఇద్దరు ముగ్గురు విద్వాంసులకు పంపును. సాధారణముగా వారికి వేతనము లేదు. పెక్కు పత్రికలలో వారి పేరు రచయితకు తెలియదు. కొన్ని పత్రికలలో రచయిత పేరును వారికి తెలియనీయరు. పూర్వము రాజసభలలో కవి పండితుల యెదుట నిలిచి ఆక్షేపణలకు బదులు చెప్పెడివాడు. ఇచ్చట మొగమోటము లేకుండుటకై నడుమ తెర కట్టుదురు.

ఆ పరీక్షకులు అడుగునవి సూటియైన ప్రశ్నలు. నీరు ఎన్నిమారులు తీసిరి? ఏ యంత్రముతో కొలిచిరి? చూపిన ఆధారమునకు మించి చెప్పిరా? చక్కెర వ్యాధిని కొలుచు క్రొత్త యంత్రమును గూర్చిన వ్యాసమైనచో, ఎందఱిపై పరీక్షించిరి, నమ్మదగిన ఏ పాతపద్ధతితో పోల్చిరి, రోగుల అనుమతి పొందిరా, యంత్రము అమ్ముడుపోయిన వ్రాసినవారికి లాభము కలదా అని విచారింతురు. పిదప అచ్చువేయవచ్చుననియో, దిద్దవలెననియో, తగదనియో తమ యభిప్రాయము వ్రాయుదురు. రచయిత ప్రతి ఆక్షేపణకు సమాధానమిచ్చి, సవరించి మరల పంపవలెను. ఇందుకు నెలలు పట్టుటయు కలదు. కడపటి నిర్ణయము సంపాదకునిదే.

అయినను ఈ పరీక్షకు ఒక మేర కలదు. పరీక్షకులు పటాన్‌చెరువునకు వచ్చి నీరు ముంచి చూడరు. రచయిత ఇచ్చిన లెక్కలు నిజమైనవేయని తలచి, వాని పొందికను మాత్రమే విచారింతురు. కరోనా కాలమున, 2020 మే 22న, లాన్సెట్ అను ప్రఖ్యాత వైద్యపత్రిక 96,000కు పైగా రోగుల లెక్కలతో హైడ్రాక్సీక్లోరోక్విన్ మందునుగూర్చి ఒక వ్యాసము ప్రకటించినది. మూలమైన లెక్కలను తనిఖీకి ఈయనందున జూన్ 4నాటికి దానిని ఉపసంహరింపవలసివచ్చినది. రుసుము పుచ్చుకొని పరీక్షయే లేక అచ్చువేయు పత్రికలును లేకపోలేదు.

కావున అచ్చైన పిమ్మట జరుగు రెండవ పరీక్షయే గట్టిది. అది మరల కొలిచి చూచుట. జెర్కర్ ఫిక్ మొదలగువారు, లార్సన్ కూడ భాగస్వామిగా, ఈ ప్రాంతపు నీటిని మరల పరీక్షించి 2009లో ప్రకటించిరి. ఈమారు కేంద్రపు నీటిలో అదే మందు 14 మిల్లీగ్రాములుగా తేలినది. సంఖ్య తగ్గినను విషయము మాఱలేదు. కేంద్రపు నీరు చేరని రెండు చెరువులలోను మందులు కానవచ్చినవి. సమీపమందలి ఆరు గ్రామములలో పరీక్షించిన బావులన్నిటియందును మందుల జాడ ఉండెను. ఇక పరదేశీయుల అపవాదమని త్రోసివేయుటకు వీలేది?

మన పెద్దలు బావినీటిని రుచిచూచి మంచిచెడ్డలు చెప్పెడివారు. ఈ కలుషమును నాలుక కనిపెట్టజాలదు. ఎవరో కొలిచి చెప్పవలసినదే. అట్లు చెప్పినప్పుడు ఎక్కడ అచ్చయినది, ఎవరు పరీక్షించిరి, మరల కొలిచిరా అని అడుగుటను మనము అలవఱచుకొని, మన ఆడుబిడ్డలకును నేర్పుదము. ఇందుకు పట్టపుచదువు అక్కఱలేదు.