గడీని దాటొచ్చిన బొమ్మ

‘దాసి’ సినిమా చూసినవాళ్లకు కథ కన్నా ముందు దొర గడీ గుర్తొస్తుంది. ఎత్తైన గోడలు, వెలుతురు చాలని గదులు, వాటి మధ్య చప్పుడు కాకుండా తిరిగే దాసి కమలాక్షి. బి.నర్సింగరావు తీసిన ఆ సినిమాకు 1988 సంవత్సరానికి ఐదు జాతీయ అవార్డులొచ్చాయి. ఉత్తమ నటిగా అర్చన పేరు అందరికీ తెలుసు. కళాదర్శకుడికి వచ్చిన అవార్డును మాత్రం ఎవరూ తలచుకోరు. అది అందుకున్నది తోట వైకుంఠం. ఉమ్మడి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన చిత్రకారుడు.

కళాదర్శకుడి పని సగం ఇల్లు కట్టేవాడి పనే. దర్వాజ ఎంత కిందికుంటే తల వంగుతుంది, ఏ మూల దీపం పెడితే మనిషి చిన్నబోతుంది అన్న లెక్కలు తెలిసుండాలి. ‘దాసి’లో గడీ ఆడమనిషిని నమిలేస్తుంటుంది. ఇక వైకుంఠం కాన్వాసు ముందుకు రండి. పెద్ద కుంకుమ బొట్టు, ముక్కెర, ఎర్రచీర, పసుపు రవిక. ఆ బొమ్మ అంచు నుంచి అంచుదాకా నిండిపోయి ఉంటుంది. వెనకాల ఇంటికి చోటే మిగలదు. గడీని అంత బాగా చూపించిన చేయే బొమ్మలో దాన్ని బయటికి నెట్టేసింది. రెండు పనులు తెలిసినవాడి తూకం ఇదేనేమో: ఒకదాంట్లో నేర్చుకున్నది ఇంకోదాంట్లో వదిలేయడం.

ఆర్కిటెక్చర్ చదువుతూ బొమ్మలేసే పిల్లలకు మన ఊళ్లలో తప్పకుండా వినిపించే మాటొకటుంది: ‘‘రెండు పడవల మీద కాళ్లు పెట్టకు బిడ్డా.’’ చెప్పేవాళ్ల భయం అబద్ధం కాదు. బీఆర్క్ ఐదేళ్ల చదువు. ఆపైన రిజిస్ట్రేషన్, ఇంటి యజమాని, మేస్త్రీ, వాస్తు సిద్ధాంతి. బొమ్మ తప్పొస్తే చింపేయొచ్చు; స్లాబు కారితే యజమాని ఊరుకుంటాడా? కానీ హైదరాబాద్‌లో వైకుంఠం చదివిన కాలేజీ పేరులోనే ఫైన్ ఆర్ట్స్, ఆర్కిటెక్చర్ రెండూ ఉన్నాయి. 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ కూడా ఆ రెంటికీ కలిపే పెట్టింది. అక్కడ ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పెద్ద దూరమేమీ లేదు.

బయటి ప్రపంచంలోనూ ఇది కొత్త కాదు. చండీగఢ్‌కు రూపమిచ్చిన లె కార్బూజియే పొద్దున బొమ్మలేసేవాడు, మధ్యాహ్నం ఆఫీసుకెళ్లి ఇళ్లు గీసేవాడు. చిన్నతనంలోనే వినికిడి పోయిన సతీష్ గుజ్రాల్ ఆర్కిటెక్చర్ డిగ్రీ లేకుండానే ఢిల్లీలో బెల్జియం రాయబార కార్యాలయాన్ని డిజైన్ చేశాడు. ఆయన చిత్రకారుడు, శిల్పి కూడా.

అంతదూరం పోవడమెందుకు? జాజు పూసిన అరుగు, సున్నపు గీతల ముగ్గు, పైన గూనపెంకు. కరీంనగర్ పల్లెల్లో భవంతి ఇంటిని చూసినవాళ్లు కట్టడం ఎక్కడ ఆగింది, బొమ్మ ఎక్కడ మొదలైంది అంటే చెప్పలేరు. గోడను ఎర్రగా అలికేది, దాని మీద తెల్లగా గీసేది ఆ ఇంటి ఆడవాళ్లే. ఆదిలాబాద్ వైపు కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర జరిగితే మెస్రం వంశపు ఆడపడుచులు, అల్లుళ్లు మట్టి తడిపి పుట్టలు చేస్తారు. అది కట్టడమా, శిల్పమా, పూజా? వాళ్లనడిగితే మన ప్రశ్నకే నవ్వుతారు.

ఇప్పుడు కరీంనగర్‌లో కొత్త ఇంటికి ముందు మాట్లాడుకునేది ఎలివేషన్ గురించి. గ్లాసు, గ్రానైటు, రాత్రి వెలిగే లైట్లు. జాజుకు ఆ ప్లాన్‌లో చోటు లేదు. అయినా గృహప్రవేశం నాడు ఎవరో ఒకరు గడప ముందు కూర్చుని, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెడుతూ పోతారు. చుక్కకూ చుక్కకూ మధ్య ఎంతుండాలో టేపు పెట్టి చూడరు.