శ్రుతి పడిపోయే తీరులో ఓడ చిరునామా

తిరువూరుకి సముద్రం లేదు. అయినా తొమ్మిదో తరగతి పిల్లాడొకడు అడిగాడు: "నడిసముద్రంలో సెల్ టవర్ ఉండదు కదండీ, ఓడ ఎక్కడుందో కెప్టెన్‌కి ఎలా తెలుస్తుంది?" జీపీఎస్ అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. కానీ నా మోజంతా దానికి ముందొచ్చిన ఉపగ్రహ వ్యవస్థ ట్రాన్సిట్ మీద.

ట్రాన్సిట్‌కి పోటీ ఒమెగా. ప్రపంచం మొత్తానికి ఎనిమిదే రేడియో స్టేషన్లు, హిందూ మహాసముద్రంలో రీయూనియన్ దీవిలో ఒకటి. రెండేసి స్టేషన్ల తరంగాల మధ్య ఫేజ్ తేడా కొలవాలి. చిక్కేమిటంటే, 10.2 కిలోహెర్ట్జ్ దగ్గర అదే తేడా దాదాపు 15 కిలోమీటర్లకోసారి మళ్లీ వస్తుంది. సముద్రమంతా ఒకేలాంటి గళ్లన్నమాట; రేవు వదిలిన దగ్గర్నుంచి ఎన్ని గళ్లు దాటామో లెక్కపెట్టుకుంటూ పోవాలి. దారిలో రిసీవర్ ఆగిందా, లెక్క గల్లంతే!

ట్రాన్సిట్‌కి ఈ గొడవ లేదు. 1957లో స్పుత్నిక్ ఎగిరినప్పుడు అమెరికాలోని అప్లైడ్ ఫిజిక్స్ ల్యాబొరేటరీలో గయర్, వైఫెన్‌బాక్ దాని బీప్ విన్నారు. మా జగదల్‌పూర్ రోడ్డు మీద లారీ హారన్ దగ్గరికొస్తుంటే కీచుగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది చూడండి, అదే డాప్లర్ మార్పు. రోడ్డంచున నిలబడితే శ్రుతి ఠక్కున పడిపోతుంది, దూరంగా చేలో ఉంటే నిదానంగా జారుతుంది. అంటే జారే వేగంలోనే దూరం దాగుంది. వాళ్లిద్దరూ దాన్నిబట్టి స్పుత్నిక్ కక్ష్యని లెక్కగట్టేశారు. పైఅధికారి మెక్‌క్లూర్ లెక్కని తిరగేశాడు: కక్ష్య ముందే తెలిస్తే, వినేవాడి చోటు దొరకదా?

దొరికింది, అదీ ఒక్క ఉపగ్రహంతో! అది తన కక్ష్య వివరాలు తానే చెప్పుకుంటూ 1,100 కిలోమీటర్ల ఎత్తున పోతుంది. ఓడ దానికి ఎడమనుందా, కుడినుందా? భూమి తిరగడంవల్ల రెండు పక్కలా శ్రుతి కాస్త వేరుగా జారుతుంది, అక్కడే గుట్టు బయటపడుతుంది. పైవాతావరణపు విద్యుత్ పొర అయనోస్ఫియర్ తరంగాలతో చేసే అల్లరికి మందుగా 150, 400 మెగాహెర్ట్జ్ రెండింటా ప్రసారం చేసి, తేడా చూసి దిద్దుకునేవారు. ఇంత పొదుపైన ఉపాయం నేను మరోటి చూడలేదు.

లోపాలూ ఉన్నాయి. ఓడ తన వేగాన్ని ఒక్క నాట్ తప్పు చెప్పినా చోటు 400 మీటర్ల దాకా జరిగేది. పైగా ఇవి ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలు. అక్కడ కిక్కిరిసి, మన బంగాళాఖాతం మీద పలచబడేవి. ఒక్కోసారి గంటకు పైగా ఎదురుచూపే.

1967లో ట్రాన్సిట్‌ని పౌర ఓడలకూ ఇచ్చారు. తర్వాత ఎప్పుడంటే అప్పుడు నాలుగు ఉపగ్రహాల గడియారాలతో చోటు చెప్పే జీపీఎస్ వచ్చింది. 1996తో ట్రాన్సిట్, మరుసటేడు ఒమెగా మూతపడ్డాయి. శ్రీహరికోట నుంచి మన సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్ ఎగిరింది, 2020లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ గుర్తింపూ దక్కింది.

ట్రాన్సిట్ లెక్క మాత్రం చావలేదు. ఓడ మునిగితే నీటిపై తేలే బీకన్ 406 మెగాహెర్ట్జ్‌లో కేకేస్తుంది. ఇప్పుడు వినేది ఉపగ్రహం. కింది కక్ష్యలో పోతున్న, కాస్పాస్-సార్‌శాట్ అనే గాలింపు వ్యవస్థ ఉపగ్రహాలు ఆ కేక శ్రుతి ఎంత వేగంగా జారిందో పట్టుకుంటాయి. బెంగళూరు, లక్నోల్లోని మన కేంద్రాలు దాన్ని అందుకుని, ఏ అలల మధ్య వెతకాలో చెప్తాయి.