మొదటి రివాల్వర్: తూకం చూసి బేరం

అమెరికాలో తుపాకుల కొట్టుకి మొదటిసారి రివాల్వర్ కొందామని వెళ్లినవాళ్ల చెయ్యి చాలాసార్లు అద్దాల బీరువాలో ఉన్న అన్నిటికన్నా చిన్నదాని మీదికే పోతుంది. అరచేతిలో ఇమిడిపోతుంది, జేబులో పడుతుంది, తూకం వేస్తే 400 గ్రాములు. ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. చేతికి కొత్త కదా, చిన్నదైతే సులువు అనుకుంటారు. స్కూల్లో చదువుకున్న న్యూటన్ లెక్క ఒక్కటి వేసి చూస్తే ఈ బేరం తలకిందులవుతుంది.

రివాల్వర్లలో ఎక్కువమంది వాడే తూటా .38 స్పెషల్. దాని గుండు బరువు మామూలుగా 10 గ్రాములు. 4 అంగుళాల గొట్టం నుంచి అది సెకనుకు ఇంచుమించు 230 మీటర్ల వేగంతో బయటపడుతుంది. గుండు ద్రవ్యవేగానికి, దాని వెంట ఎగదన్నుకొచ్చే వాయువుల వంతు కూడా కలిపితే మొత్తం దాదాపు 2.7 యూనిట్లు. గుండు ముందుకు ఎంత ద్రవ్యవేగంతో పోతే తుపాకీ వెనక్కి అంతే ద్రవ్యవేగంతో రావాలి, ఇందులో మినహాయింపు లేదు. కిలో బరువున్న రివాల్వరైతే సెకనుకు 2.7 మీటర్ల వేగంతో అరచేతిని తంతుంది. ఆ తన్నులో ఉన్న శక్తి 3.6 జౌళ్లు. అదే తూటాని 400 గ్రాముల బుల్లి రివాల్వర్లో పెట్టి పేలిస్తే వేగం 6.7 మీటర్లు దాటుతుంది, శక్తి 9 జౌళ్లకు చేరుతుంది. తూటా మారలేదు, మందు మారలేదు. తుపాకీ తేలికైన కొద్దీ దెబ్బ పెరిగింది, అంతే.

దీనికి తోడు గొట్టం పిడికిలికి పైన ఉంటుంది గనక తన్ను తిన్నగా వెనక్కి రాదు, మూతిని పైకి లేపుతుంది. చిన్న రివాల్వర్‌కి పిడి కూడా చిన్నదే, చిటికెనవేలుకి చోటుండదు. ఇలాంటిదాంతో పది తూటాలు కాల్చిన కొత్తవాళ్లు పదకొండోదానికి ముందే కళ్లు మూసుకుంటారు, మణికట్టు బిగబట్టుకుంటారు. ఆ అలవాటు ఒకసారి పట్టుకుందంటే వదిలించుకోవడానికి నెలలు పడుతుంది. చిన్న రివాల్వర్లు చెడ్డవని కాదు. అవి చెయ్యి తిరిగినవాళ్ల కోసం చేసినవి.

ట్రిగ్గర్ సంగతి ఇంకో లెక్క. హ్యామర్‌ని బొటనవేలితో ముందే వెనక్కి లాగిపెట్టుకుంటే ట్రిగ్గర్‌కి కిలోన్నర, రెండు కిలోల ఒత్తిడి చాలు. దీన్ని సింగిల్ యాక్షన్ అంటారు. అలా కాకుండా ట్రిగ్గర్ ఒక్కటే నొక్కి పని మొత్తం దానిచేతే చేయిస్తే, అంటే డబుల్ యాక్షన్‌లో, ఇంచుమించు 5 కిలోల ఒత్తిడి కావాలి. 400 గ్రాముల వస్తువు మీద 5 కిలోల ఒత్తిడి పెడుతూ దాన్ని కదలనివ్వకూడదంటే ఎలా? కిలో బరువున్నది తన జడత్వంతోనే సగం నిలబడుతుంది. గురి లెక్క కూడా ఇలాంటిదే. గొట్టం మూతి దగ్గరి గురి మొనకీ వెనక గురి గాడికీ మధ్య 10 సెంటీమీటర్లే ఉన్నప్పుడు ఆ మొన ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగితే 10 మీటర్ల దూరంలో గుండు 10 సెంటీమీటర్లు తప్పుతుంది. ఆ ఎడం 15 సెంటీమీటర్లయితే తప్పు 6.7కి తగ్గుతుంది.

కాబట్టి మొదటి రివాల్వర్ అంటే కిలోకి అటూఇటూ బరువు, 4 అంగుళాల గొట్టం, మధ్యస్థమైన ఫ్రేము. నాకు తోచినంతలో ఇందులో మొహమాటపడాల్సిందేమీ లేదు.

ఇక ఏ తూటా? .357 మ్యాగ్నమ్ రివాల్వర్ కొనమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్ల మాటలో పస ఉంది. .38 స్పెషల్ గుండు అసలు వ్యాసం పేరులో ఉన్నట్టు 0.38 అంగుళం కాదు, 0.357. 1935లో మ్యాగ్నమ్ వచ్చినప్పుడు గుండు వ్యాసం అదే ఉంచి, వెనక ఇత్తడి గుళికని మాత్రం 3.4 మిల్లీమీటర్లు పొడవు చేశారు. ఆ పొడవు కేవలం మందు ఎక్కువ పట్టడానికి కాదు, పొరపాటున కూడా అది పాత .38 సిలిండర్లోకి దూరకుండా ఉండడానికి. ఎందుకంటే .38కి అనుమతించిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 17,000 పౌండ్లు, మ్యాగ్నమ్‌కి 35,000. మ్యాగ్నమ్ రివాల్వర్లో మాత్రం .38 తూటా హాయిగా పడుతుంది, పేలుతుంది. ఒక తుపాకీకి రెండు తిండ్లు. పొట్టి తూటాలే ఎక్కువగా వాడితే సిలిండర్ గదుల్లో మసి ఉంగరంలా పేరుకుంటుంది, అది గోకి తీయకపోతే తర్వాత పొడుగు తూటా ఇరుక్కుంటుంది. వాడకంలో ఇదొక్కటే చిక్కు. కాకపోతే పేరున్న కంపెనీ .357 కొత్తది 800 డాలర్లు దాటుతుంది. కిలో తుపాకీలో కూడా మ్యాగ్నమ్ తన్ను 12 జౌళ్లకు పైమాటే, కాబట్టి ఆ ఎక్కువ డబ్బు పెట్టి కొన్నవాళ్లు కూడా సాధనకి .38 తూటాలే కొంటుంటారు.

డబ్బు నిజంగా బిగువుగా ఉన్నవాళ్లకి .22 ఉంది. గుండు 2.6 గ్రాములు. కిలో రివాల్వర్లో దాని తన్ను అర జౌలు కూడా ఉండదు. హెరిటేజ్ రఫ్ రైడర్ లాంటి, సింగిల్ యాక్షన్‌లో మాత్రమే పేలే .22 రివాల్వర్ 200 డాలర్లలోపే దొరుకుతుంది. రూగర్ కంపెనీ 2019లో తెచ్చిన రాంగ్లర్ మొదటి ధర 249 డాలర్లు. అసలు లాభం తూటాల దగ్గర తెలుస్తుంది. ధరలు ఊగుతూనే ఉంటాయి గానీ .22 తూటా ఒక్కోటి 10 సెంట్ల లోపు అనుకుంటే .38 ఒక్కోటి 40 సెంట్ల దాకా పడుతుంది. నెలకి వంద కాల్చినా ఏడాదికి .22కి 120 డాలర్లు, .38కి 480. అంటే .38 అయితే తుపాకీ ధరంత డబ్బు మళ్లీ ఏడాదిలో తూటాలకే పోతుంది. ఏనుగుని కొన్నవాడు అంకుశానికి వెనకాడకూడదంటారు. ఇక్కడ వెనకాడితే కొన్నది బీరువాలోనే ఉండిపోతుంది, చెయ్యి మాత్రం కొత్తదిగానే మిగులుతుంది.

మన దేశంలో ఈ బేరమే వేరు. 1959 ఆయుధ చట్టం కింద ముందు లైసెన్స్ చేతికి రావాలి, తర్వాతే తుపాకీ. 2014లో కాన్పూరు ప్రభుత్వ కర్మాగారం మహిళల కోసమని చెప్పి ‘నిర్భీక్’ అనే .32 రివాల్వర్‌ని తెచ్చింది. టైటానియం మిశ్రలోహం, అర కిలో బరువు, అప్పటి ధర 1.22 లక్షల రూపాయలు. .32 మెత్తని తూటా గనక అర కిలో తుపాకీ చేతికి భరించదగ్గదే. ఆ ధర ఎంతమంది భరించగలరన్నది వేరే సంగతి.

తిరిగి అమెరికాకి వస్తే, .38లో తక్కువ డబ్బుకి మంచి సరుకు పాతవాటిలోనే ఉంది. స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 10 అనేది 1899లో ‘మిలిటరీ అండ్ పోలీస్’ పేరుతో మొదలైంది, 1957లో ఈ నంబరు తగిలించారు. అరవై లక్షలకు పైగా తయారయ్యాయి. 1980లు, 90లలో అమెరికా పోలీసులు రివాల్వర్లు వదిలేసి పిస్టళ్లకి మారినప్పుడు ఇవి కుప్పలుగా పాత సరుకు అంగళ్లకి చేరాయి. పోలీసు తుపాకీలో ఒక విశేషం ఉంటుంది. దాన్ని నడుము మీద ఏళ్ల తరబడి మోస్తారు గానీ పేల్చేది తక్కువ. తోలు ఒరకి రాసుకుని మూతి దగ్గర నల్లరంగు పోయి ఇనుము తెల్లబడుతుంది, లోపలి యంత్రం మాత్రం దాదాపు కొత్తదే. రంగు చూసి పక్కన పెట్టేవాళ్లున్నారు గనకే మిగతావాళ్లకి చవగ్గా దొరుకుతుంది.

లోపలి యంత్రం సంగతి తెలుసుకోవాలంటే అది పనిచేసే తీరు తెలియాలి. ట్రిగ్గర్ నొక్కుతున్నప్పుడు లోపల ఒక చిన్న ఉక్కు మీట పైకి లేచి, సిలిండర్ వెనక నక్షత్రం ఆకారంలో ఉన్న పళ్లని నెడుతుంది. సిలిండర్ 60 డిగ్రీలు తిరుగుతుంది. గది సరిగ్గా గొట్టం ఎదుటికి రాగానే కింది నుంచి ఇంకో మేకు లేచి, సిలిండర్ ఒంటి మీది గాడిలో ‘టిక్’మని పడి బిగిస్తుంది. ఆ తర్వాతే హ్యామర్ విడవాలి. ఏళ్ల వాడకంలో మీట కొన అరిగితే సిలిండర్ పూర్తిగా తిరక్కముందే హ్యామర్ పడుతుంది. అప్పుడు గుండు గొట్టం అంచుని రాసుకుంటూ లోపలికి పోతుంది, చెక్కుకుపోయిన సీసం పక్కలకి చిమ్ముతుంది.

అందుకని కొట్టువాణ్ణి అడిగి, సిలిండర్ తెరిచి ఆరు గదులూ ఖాళీ అని కళ్లతో ఒకసారీ వేలితో ఒకసారీ చూసుకున్నాక, మూతి జనం లేని వైపు పెట్టి ఈ పని చెయ్యాలి. సిలిండర్ మీద ఒక వేలు తేలిగ్గా ఆనించి, హ్యామర్‌ని చాలా నెమ్మదిగా వెనక్కి లాగాలి. హ్యామర్ చివరిదాకా వెళ్లి నిలిచేలోపే ఆ ‘టిక్’ వినపడాలి. ఆరు గదులకీ ఆరుసార్లు. అయిదు బాగుండి ఒకటి ఆలస్యమైనా అది మరమ్మతుకి వచ్చిన తుపాకీయే. తర్వాత హ్యామర్ లేచి ఉండగా, ట్రిగ్గర్ ముట్టుకోకుండా బొటనవేలితో హ్యామర్‌ని ముందుకి నెట్టాలి. పడిపోతే ఆ బేరం అక్కడితో ఆపెయ్యడమే. సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య సందుని వెలుతురుకి పెట్టి చూడాలి. మెకానిక్కుల దగ్గరుండే పలచని రేకుల గేజితో కొలిస్తే 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు మామూలు, 0.3 దాటితే వద్దు. ఆ సందులోంచి పేలినప్పుడల్లా నిప్పులాంటి వాయువు పక్కలకి కొడుతుంది. రెండో చేతి వేళ్లు ఎన్నడూ అక్కడికి రాకూడదని మొదటి పాఠంలోనే చెప్పేది ఇందుకే. చివరగా మరలు చూడాలి. వాటి గాళ్లు చెదిరి ఉన్నాయంటే చేతకానివాడెవడో విప్పి చూశాడన్నమాట.

పాతదంతా మంచిదని కాదు. నూరేళ్ల కిందటి, నడుము దగ్గర విరిచి తెరిచే చవక రివాల్వర్లు సంతల్లో చాలా కనిపిస్తాయి. వాటిలో చాలావాటిని పొగ వచ్చే నల్ల తుపాకీమందు కాలానికి చేశారు, ఆ ఇనుము నేటి మందు పీడనానికి ఆగదు. పైగా వాటిలో పట్టే .38 ఎస్ అండ్ డబ్ల్యూ తూటా, .38 స్పెషల్ ఒకటి కావు. పాత సింగిల్ యాక్షన్‌లలో ఇంకో ప్రమాదం ఉంది. హ్యామర్ మొన నేరుగా తూటా మీదే ఆనుకుని ఉంటుంది, కింద పడితే పేలుతుంది. అందుకే ఆ రోజుల్లో ఆరు గదుల్లో అయిదే నింపేవాళ్లు. 1973లో రూగర్ తన సింగిల్ యాక్షన్లలో హ్యామర్‌కీ తూటాకీ మధ్య ఒక ఉక్కు పలక తెచ్చింది. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితేనే అది పైకి లేచి హ్యామర్ దెబ్బని తూటాకి అందిస్తుంది. కొనేది ఆ పలక ఉన్నదో లేనిదో అడగడం ధర అడగడం కన్నా ముందు పని.

బడ్జెట్ వేసుకునేటప్పుడు జనం వదిలేసేవి రెండు: చెవులు, తాళం. రివాల్వర్ మోత 150 డెసిబెల్స్ దాటుతుంది. 140 దగ్గరే ఒక్క దెబ్బతో చెవికి శాశ్వతంగా నష్టం జరగొచ్చు, కాబట్టి మంచి చెవి కప్పులు లేకుండా .22 కూడా కాల్చకూడదు. ఇక తాళం వేసే ఉక్కు పెట్టె. పిల్లల సంగతి అందరూ చెబుతారు, పెద్దల సంగతి చెప్పరు. కాలిఫోర్నియాలో 2 కోట్ల 60 లక్షల మంది మీద జరిగి 2020లో వెలువడిన అధ్యయనంలో, చేతి తుపాకీ ఉన్న మగవాళ్లు తుపాకీతో ఆత్మహత్య చేసుకునే అవకాశం లేనివాళ్లకన్నా దాదాపు 8 రెట్లు, ఆడవాళ్లలో 35 రెట్లు ఎక్కువని తేలింది. ఇంట్లో ఎవరి మనసైనా బాగాలేని కాలంలో తుపాకీ కొనకపోవడం, ఉన్నదాన్ని ఇంటి బయట భద్రపరచడం డాక్టర్లు చెప్పే మాట. ఈ విషయంలో నేను డాక్టర్ల పక్షమే.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు చాలామంది పట్టించుకోని చట్టం ఒకటుంది. లైసెన్సున్న దుకాణదారు చేతి తుపాకీని 21 ఏళ్లు నిండినవాళ్లకే అమ్మాలి, 4473 నంబరు ఫారం నింపించి పూర్వాపరాలు సరిచూడాలి. కొన్ని రాష్ట్రాల్లో దానికి ముందే పర్మిట్ కావాలి. గ్రీన్ కార్డు ఉంటే కొనవచ్చు. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకి మాత్రం ఫెడరల్ చట్టం కొనడాన్నే కాదు, తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని కూడా నేరంగా చూస్తుంది. శనివారం నాడు స్నేహితులతో రేంజికి వెళ్లి అద్దె తుపాకీ కాల్చినా అంతే. దీనికున్న కొద్ది మినహాయింపుల్లో మామూలు మనిషికి అందేది ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్. దాని మీది గడువు తేదీ దాటితే ఆ మినహాయింపు కూడా పోతుంది.