నీళ్లలో ఆగిపోయిన కారుకు మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు: ఇంజిన్‌లోకి నీరు చేరకుండా ఏం చేయాలి?

బేగంబజార్: పెళ్లి సామాన్లు కావాలన్నా, స్టీలు గిన్నెలు కావాలన్నా, బాదం పిస్తా హోల్‌సేల్ ధరకు కావాలన్నా పాతబస్తీ కుటుంబాలు దారి పట్టేది బేగంబజార్‌కే. కారును ఏదో సందులో ఇరికించి, రెండు మూడు గంటలు దుకాణాలు తిరిగి, బరువు సంచులతో బయటకు వచ్చేసరికి వాన దంచికొడుతుంటుంది. సందులో నీళ్లు మోకాళ్ల దాకా వచ్చేసి ఉంటాయి. ఇంట్లో పిల్లలు ఎదురుచూస్తుంటారు, చీకటి పడుతుంటుంది. "ఎట్లనో అట్ల మెయిన్ రోడ్డు ఎక్కితే చాలు" అనుకుని కారు స్టార్ట్ చేస్తారు. వంద గజాలు పోయాక దగ్గినట్లు అయి ఇంజిన్ ఆగిపోతుంది. అప్పుడు డ్రైవర్ సీట్లో ఉన్న మనిషి చేసే మొదటి పని ఏమిటి? మళ్లీ తాళం తిప్పడం.

కారు ఇంజిన్ పాడయ్యేది చాలాసార్లు సరిగ్గా ఆ క్షణంలోనే. నీళ్లలో ఆగిన ఇంజిన్‌ను చాలావరకు బాగు చేయొచ్చు. ఆగిన తర్వాత మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టిన ఇంజిన్‌కు మాత్రం చిన్న కారుకైనా బిల్లు లక్ష రూపాయలు దాటవచ్చు. ఈఎంఐ మీద కారు కొని క్యాబ్ నడుపుకునే ఇంటికి అది కొన్ని నెలల సంపాదన.

ఈ ప్రాంతానికి నీళ్ల భయం కొత్తది కాదు. నాంపల్లి, అబిడ్స్ వైపు నుంచి నేల మూసీ దిక్కుకు వాలుతూ వస్తుంది. గోషామహల్, బేగంబజార్, అఫ్జల్‌గంజ్ ఆ వాలులోనే ఉన్నాయి. 1908 సెప్టెంబర్ 28న వచ్చిన మూసీ వరదలో ఈ చుట్టుపక్కల బస్తీలే కొట్టుకుపోయాయి, వేలమంది చనిపోయారు. ఆ దెబ్బ తర్వాతే ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) కట్టారు. అయినా 2020 అక్టోబర్ 13 రాత్రి పాతబస్తీ గల్లీల్లో కార్లు, ఆటోలు బొమ్మల్లా కొట్టుకుపోయిన వీడియోలు ఎవరూ మరచిపోలేదు. 2022 డిసెంబర్‌లో వాన లేని రోజునే గోషామహల్ చాక్నావాడిలో నాలా మీది రోడ్డు కుంగి, దాని మీద నిలిపిన బండ్లు లోపలికి పడిపోయాయి. 2025 సెప్టెంబర్ చివర్లో జంట జలాశయాల గేట్లు ఎత్తడంతో అఫ్జల్‌గంజ్ పక్కనే ఉన్న ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి మూసీ నీళ్లు వచ్చాయి. అంటే ఇక్కడ కారు పెట్టేవాళ్లకు నీళ్లు ఏదో ఒక రోజు ఎదురయ్యేవే.

ఇంజిన్ 'పానీ తాగడం' అంటే ఏమిటి?

మెకానిక్‌లు "ఇంజిన్ పానీ తాగింది" అంటారు. మాట సరిగ్గానే ఉంది. ఇంజిన్ ఊపిరి పీల్చుకుంటుంది. ముందు గ్రిల్ వెనకాలో, హెడ్‌లైట్ పక్కనో ఉండే గొట్టం ద్వారా గాలిని లాక్కుని, ఎయిర్ ఫిల్టర్ దాటించి సిలిండర్లలోకి పంపుతుంది. ఆ గొట్టం నోరు నీళ్లలో మునిగితే గాలికి బదులు నీళ్లు లోపలికి పోతాయి.

ఒక సిరంజీలో గాలి నింపి మూతి వేలితో మూసి నొక్కండి, కొంత లోపలికి పోతుంది. అదే సిరంజీని నీళ్లతో నింపి నొక్కండి, కదలదు. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. ఇంజిన్‌లో పిస్టన్ పైకి వచ్చి గాలిని నొక్కాల్సిన చోట నీళ్లు ఉంటే పిస్టన్ దారిలోనే ఆగిపోతుంది. కింద క్రాంక్ మాత్రం తోస్తూనే ఉంటుంది. మధ్యలో ఉన్న కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజిన్ వేగంగా తిరుగుతుంటే రాడ్ విరిగి ఇంజిన్ గోడనే పగలగొడుతుంది. దీనినే 'హైడ్రో లాక్' అంటారు.

ఇందుకు బకెట్ల కొద్దీ నీళ్లు అక్కర్లేదు. 1200 సీసీ, నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారును తీసుకుంటే ఒక్కో సిలిండర్ 300 సీసీ. కంప్రెషన్ 11కు 1 అనుకుంటే, పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీ 30 మిల్లీలీటర్లు మాత్రమే. ఇరానీ చాయ్ కప్పులో సగం కూడా కాదు. డీజిల్ ఇంజిన్‌లో కంప్రెషన్ ఇంకా ఎక్కువ, ఖాళీ ఇంకా తక్కువ. పైగా డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్గులు ఉండవు కాబట్టి, తడికి మిస్సయి ముందే ఆగిపోయే అవకాశం తక్కువ. నీళ్లు మింగేదాకా తిరుగుతూనే ఉంటుంది. "డీజిల్ బండి గట్టిది, నీళ్లలో పోతుంది" అనే ధైర్యం చాలామందికి ఉంది, అదే వాళ్లను ముంచేది.

నీళ్లు ముందు ఉన్నప్పుడు

లోతు తెలియని నీళ్లలోకి పోకపోవడమే అన్నిటికంటే మంచిది. నాలా పక్క రోడ్డు అయితే అసలే వద్దు, కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో పైనుంచి కనపడదు. ముందు పోయే బండ్లను చూసి లోతు అంచనా వేయొచ్చు. మామూలు కారుకు నీళ్లు చక్రం సగం దాటితే ప్రమాదమే. ఎస్‌యూవీ అయినా గాలి గొట్టం నోరు ఎంత ఎత్తులో ఉందో తెలియకుండా ధైర్యం చేయొద్దు. బానెట్ ఎత్తి ఒకసారి చూస్తే తెలిసే విషయం ఇది, వాన లేని రోజునే చూసి పెట్టుకోవచ్చు.

తప్పక పోవాల్సి వస్తే ఏసీ ఆపాలి. మొదటి గేరులో, ఒకే మెల్లటి వేగంతో, మధ్యలో గేరు మార్చకుండా పోవాలి. ఎదురుగా బస్సో లారీయో వస్తుంటే అది దాటేదాకా గట్టు మీదే ఆగాలి. లోతు సరిపోయినా, పెద్ద బండి లేపే అల బానెట్ మీదికి వస్తే గాలి గొట్టంలోకి నీళ్లు పోవడానికి అది చాలు. అవతల గట్టుకు చేరాక బ్రేకును రెండు మూడుసార్లు మెల్లగా తొక్కి ఆరబెట్టాలి.

మధ్యలో ఆగిపోతే? తాళం తీసేయండి. సెల్ఫ్ కొట్టొద్దు, ఒక్కసారి కూడా. మనుషులను, ముఖ్యంగా పెద్దవాళ్లను, పిల్లలను ముందు దింపి ఎత్తైన చోటికి పంపండి. నీళ్లు పారుతున్నట్లుంటే బండిని వదిలేసి మీరూ పోండి. నీళ్లు నిలకడగా ఉంటే న్యూట్రల్‌లో పెట్టి తోయించవచ్చు. గేరులో పెట్టి తోసి 'ధక్కా స్టార్ట్' చేయడం సెల్ఫ్ కొట్టడమంత ప్రమాదమే, ఎందుకంటే అప్పుడూ పిస్టన్ కదులుతుంది. గల్లీలో సాయానికి వచ్చే కుర్రాళ్లు ప్రేమగా చెప్పే మొదటి సలహా అదే కాబట్టి, "వద్దు బేటా, తోస్తే చాలు" అని ముందే చెప్పాలి. ఆటోమేటిక్ కారైతే చక్రాల మీద లాక్కుపోకుండా మొత్తం ఎత్తి తీసుకుపోయే బండిని పిలవాలి. ఎలక్ట్రిక్ కారులో నారింజ రంగు తీగలను ఎవరూ ముట్టుకోకూడదు.

నిలిపి ఉన్న కారు మునిగితే

రాత్రి వాన పడి, పొద్దున ఫజ్ర్‌కు లేచి చూస్తే కారు సీటు దాకా తడిసి ఉంది. నీళ్లు తగ్గాయి, బండి బయటికి బాగానే కనిపిస్తోంది. ఇక్కడా తప్పు ఒకటే జరుగుతుంది: "ఒకసారి స్టార్ట్ అవుతుందేమో చూద్దాం." ఇగ్నిషన్ ఆన్ చేయడం కూడా మంచిది కాదు. తడిసిన ఫ్యూజ్ బాక్సులో, ఈసీయూలో కరెంటు పారితే ఆరితే బతికే పార్టులు కాస్తా కాలిపోతాయి. ముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పాలి.

తర్వాత ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడాలి. ఆయిల్ పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్లే. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూడాలి. ఫిల్టర్ తడిసి ఉంటే నీళ్లు సిలిండర్ దాకా పోయి ఉండవచ్చు. ఈ రెండూ ఇంటి ముందే, పానా లేకుండా లేక చిన్న స్క్రూ డ్రైవర్‌తో చేయగలిగే పరీక్షలు. కానీ ఇవి బాగున్నాయని స్టార్ట్ చేయొద్దు, మెకానిక్ చూసిన తర్వాతే.

తెలిసిన ఉస్తాద్ అయితే స్పార్క్ ప్లగ్గులు విప్పి ఇంజిన్‌ను చేత్తో మెల్లగా తిప్పుతాడు. డీజిల్ అయితే ఇంజెక్టర్లో, హీటర్ ప్లగ్గులో తీస్తాడు. లోపలి నీళ్లు ఆ రంధ్రాల నుంచి చిమ్ముతాయి. తర్వాత ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చి, కాసేపు నడిపి, మళ్లీ ఆయిల్ మారుస్తాడు. గేరు బాక్సు ఆయిల్, స్టార్టర్ మోటార్, ఆల్టర్నేటర్ కూడా చూపించుకోవాలి. ఆల్టర్నేటర్ బేరింగ్ ఆ రోజు బాగానే తిరిగి, నెల తర్వాత తుప్పుతో అరవడం మామూలే. ప్లగ్గులు విప్పకుండానే "ఒకసారి సెల్ఫ్ కొట్టి చూద్దాం భాయ్" అనే మెకానిక్ దగ్గర కారు ఉంచకపోవడమే నయం.

బీమా సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే మునిగిన సొంత కారుకు ఒక్క రూపాయి రాదు. చాలా ఇళ్లలో ఈ విషయం నీళ్లు వచ్చిన తర్వాతే తెలుస్తుంది. ఓన్ డ్యామేజ్ ఉన్న పూర్తి పాలసీలో వరద నష్టం కవర్ అవుతుంది. కానీ నీళ్లలో ఆగిన ఇంజిన్‌ను మళ్లీ స్టార్ట్ చేయడం వల్ల రాడ్ వంగితే, అది వరద చేసిన నష్టం కాదు, మీ చేతి వల్ల జరిగిందని కంపెనీలు ఇంజిన్ క్లెయిమ్‌ను తిరస్కరిస్తుంటాయి. దీనికోసమే 'ఇంజిన్ ప్రొటెక్ట్' అనే అదనపు కవర్ విడిగా అమ్ముతారు. పాత కార్లకు చాలా కంపెనీలు దీన్ని ఇవ్వవు. ఇచ్చినా షరతులు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి, రెన్యువల్ రోజునే అడిగి కాగితం మీద చూసుకోవాలి.

కారు నీళ్లలో ఉన్నప్పుడే, నంబర్ ప్లేటూ నీళ్ల మట్టమూ రెండూ కనపడేలా ఫొటోలు, వీడియో తీయండి. కంపెనీకి వెంటనే ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకోండి. సర్వేయర్ చూడకముందే ఇంజిన్ విప్పించొద్దు. రిపేరు ఖర్చు పాలసీలో రాసిన ఐడీవీ విలువలో 75 శాతం దాటితే దాన్ని మొత్తం నష్టం కింద లెక్కగట్టాలి. క్లెయిమ్ అన్యాయంగా కొట్టేశారనిపిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది, ఫీజు లేదు.

వాన లేకుండా వచ్చే నీళ్లు

వరద ఒక్క రాత్రిలో చేసే పనిని, చిన్న లీకు ఏడాది పాటు చప్పుడు లేకుండా చేస్తుంది.

ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఒక ప్లాస్టిక్ జాలీ ఉంటుంది. అద్దం మీద పడే వాన నీళ్లన్నీ అందులోకి దిగి, రెండు పక్కలా ఉన్న రంధ్రాల గుండా నేల మీదికి పోతాయి. వేప చెట్టు కింద నిలిపే కార్లలో ఆకులు, పూత చేరి ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. అప్పుడు నీళ్లు అక్కడే తొట్టిలా నిలిచి, ఫ్యూజ్ బాక్సు మీదికో, ఏసీ ఫిల్టర్ దారిలో కాళ్ల దగ్గరికో కారుతాయి. కాళ్ల కింది మ్యాట్ ఎప్పుడూ తడిగా ఉంటే, కారులో ముక్కిపోయిన వాసన వస్తుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. జూన్ రాకముందే ఆకులు తీసి, ఒక మగ్గు నీళ్లు పోసి చక్రాల వెనకాల కారుతున్నాయో లేదో చూస్తే సరి. సన్‌రూఫ్ ఉన్న కార్లకూ ఇలాంటి సన్న గొట్టాలే ఉంటాయి.

బేగంబజార్‌లో దీనికి తోడు ఎలుకలు. ధాన్యం, కిరాణా గోదాములు ఉన్న చోట అవి ఉండక తప్పదు. ఇంజిన్ వెచ్చదనానికి బానెట్ కింద చేరి తీగల పై పొరను కొరికేస్తాయి. ఎండాకాలం అంతా ఏమీ కాదు. మొదటి వానకు ఆ బయటపడ్డ రాగి మీద నీళ్లు పడి చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, లేదా బండి స్టార్ట్ కాదు. దుకాణం ముందే రోజూ కారు నిలిపేవాళ్లు వారానికోసారి బానెట్ ఎత్తి చూసుకోవాలి.

వాటర్ సర్వీసింగ్ సెంటర్లలో ఇంజిన్ మీద ప్రెషర్ గన్ కొట్టించుకోవడం ఇంకో అలవాటు. ఆల్టర్నేటర్, ఫ్యూజ్ బాక్సు, తీగల సాకెట్లు వానకు తట్టుకుంటాయి గానీ దగ్గర నుంచి కొట్టే ఆ ధారకు తట్టుకోవు. తడి గుడ్డ, బ్రష్ చాలు.

ఇక రేడియేటర్. హైదరాబాద్ బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఇంట్లో గీజరు రాడ్ మీద తెల్లగా పేరుకునేది అదే. కూలెంట్ తగ్గిందని ఆ నీళ్లే పోస్తూ పోతే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ ఆ పొరే కడుతుంది, లోహం తుప్పు పడుతుంది. కంపెనీ చెప్పిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సరైన పాళ్లలో కలిపి పోయాలి. చాలా కార్లకు అది సగం సగం. దారిలో తప్పనిసరై మామూలు నీళ్లు పోసినా, తర్వాత మొత్తం తీసి మార్పించాలి. నెలకోసారి పొయ్యాల్సి వస్తోందంటే ఎక్కడో కారుతోందన్నమాట. హోస్ పైపుల క్లాంపుల దగ్గర, మెకానిక్‌లు 'వాటర్ బాడీ' అనే వాటర్ పంపు కింద రంగు మరకలు కనిపిస్తాయి. బయట ఎక్కడా చుక్క లేకుండా తగ్గుతోంటే అది ఇంకా చెడ్డ కబురు. హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్లు సిలిండర్‌లోకే దిగుతుండవచ్చు. ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్ల పొగ, తియ్యటి వాసన, ఆయిల్ మూత కింద మీగడలాంటి పదార్థం దాని గుర్తులు. టెంపరేచర్ ముల్లు ఎక్కిన తర్వాత కూడా "ఇంటికి పోయి చూద్దాం" అని నడిపితే అల్యూమినియం హెడ్ వంకర పోతుంది. అక్కడే పక్కకు ఆపాలి. రేడియేటర్ మూతను మాత్రం వేడి మీద తెరవకూడదు, లోపలి ఆవిరి ముఖం మీదికి కొడుతుంది. అరగంట, ముప్పావుగంట చల్లారనిచ్చి, మందం గుడ్డ వేసి మెల్లగా తిప్పాలి.