తొమ్మిదీ పది లోకల్‌లో బొమ్మల ప్రేమ

ఆఫీసుకు పోయే రైల్లో ప్రేమ పుడుతుందా? పుడుతుందని తీసి చూపించారు బాసు ఛటర్జీ. 1979లో వచ్చిన హిందీ చిత్రం 'బాతో బాతో మే' గుర్తుంది కదూ! బాంద్రా నుంచి చర్చిగేట్‌కు పోయే తొమ్మిదీ పది లోకల్. అందులో రోజూ వెళ్ళే నాన్సీ (టీనా మునీమ్). అదే రైల్లో టోనీ (అమోల్ పాలేకర్). అబ్బాయి కార్టూనిస్టు, చెయ్యి ఊరుకోదు. కాగితం మీద అమ్మాయి బొమ్మ పడుతుంది. పరిచయం చేసే పని టామ్ మామయ్యది. ఆ వేషంలో డేవిడ్‌ను చూసి తీరవలసిందే!

అడక్కుండా ఆడపిల్ల బొమ్మ గీయడమేమిటని ఇవాళ్టి అమ్మాయిలు నిలదీయవచ్చు. న్యాయమే. కానీ మన తెలుగు చిత్రాల్లో బస్సు సీనంటే చాలావరకు హీరోయిన్‌ను అల్లరిపెట్టడమే కదా! దానికంటే టోనీ వెయ్యిరెట్లు నయం.

హీరో కార్టూనిస్టు కావడం ఊరికే జరగలేదు. మధురలో పెరిగి బొంబాయి చేరిన బాసుగారు 'బ్లిట్జ్' వారపత్రికలో సుమారు 18 ఏళ్ళు బొమ్మలు, కార్టూన్లు వేశారు. ఆ తర్వాతే 'తీస్రీ కసమ్' (1966)కు సహాయకుడిగా పనిచేయడం, 'సారా ఆకాశ్' (1969)తో దర్శకుడు కావడం. 'ఛోటీ సీ బాత్' (1976)లో ఆయనకు ఒక బస్‌స్టాపు చాలింది. బొమ్మలు వేసేవాడికి రోజువారీ ప్రయాణం ఇచ్చే సదుపాయం మరెక్కడా దొరకదు. అదే వేళకు, అదే ముఖం, పైసా ఖర్చు లేకుండా! నిన్న నవ్విన మనిషి ఇవాళ ఎందుకు ముడుచుకు కూర్చున్నాడో గీతకు తెలిసిపోతుంది. 2020లో కన్నుమూసేదాకా గుమాస్తాల దర్శకుడనే పేరు ఆయన్ను వదల్లేదు.

'మార్కాపురం, గిద్దలూరు వాళ్ళం, మాకెక్కడివయ్యా లోకల్ రైళ్ళు?' అంటారా? నిజమే, కంభం స్టేషన్‌లో రైలెక్కితే చాలామందికి అది ఊరు విడిచిపోవడమే. కానీ బొమ్మ సంగతి మీకు కొత్తా! దేశంలో ఎంతోమంది పిల్లలు బలపంతో మొదటి సున్నా చుట్టింది మార్కాపురం పలక మీదే. నోటుబుక్కులొచ్చి పలకకు గిరాకీ తగ్గింది. వానల్లేక సేద్యం కుంటుపడింది. పశ్చిమ ప్రకాశం నుంచి హైదరాబాదుకు, బెంగుళూరుకు పనికి వెళ్ళినవాళ్ళు ఎందరో! హైదరాబాదుకు 2003లో ఎంఎంటీఎస్, 2017లో మెట్రో వచ్చినా, రెండు బస్సులు మారి డ్యూటీకి పోయేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆదివారం సినిమాకు పోతే ఆ ముఖం తెరమీద కనబడదు. బొంబాయి గుమాస్తాకు దొరికిన బాసు ఛటర్జీ మన మేస్త్రీకి ఇంకా దొరకలేదు.

ఆ బస్సుల్లో వెళ్ళే మన కుర్రాళ్ళలో చెయ్యి తిరిగినవాడు లేడంటే నేను నమ్మను. జేబులో పట్టే పుస్తకం, పెన్సిలు చాలు. కుదుపులకు గీత నిలవదు గనుక సిగ్నల్ పడ్డప్పుడే గీయాలి. కిటికీ పక్కన కునికే మేస్త్రీకి మొదటి సిగ్నల్ దగ్గర తలపాగా, రెండోదాని దగ్గర ముక్కు పడతాయి. మూడోది వచ్చేలోగా ఆయన దిగిపోతాడు. మిగిలింది మర్నాటి బస్సులో.