సౌండ్ కోసం సైలెన్సర్ మారుస్తున్నారా? డబ్బులు కట్టే ముందు ఇది చదవండి!

కొత్త కారు ఇంటికొచ్చి వారం కూడా కాదు.. ఫ్రెండ్స్ గ్రూపులో ప్రశ్న మొదలవుతుంది. ‘రేయ్, ఎగ్జాస్ట్ ఎప్పుడు మారుస్తున్నావ్?’ అని. ఇన్‌స్టా తెరిస్తే అవే రీల్స్. ఫ్లైఓవర్ కింద గర్జించే కారు, పాప్స్, బ్యాంగ్స్, కింద ఫైర్ ఎమోజీలు. ఆ సౌండ్ మన బండికీ ఉంటే బాగుండు అనిపించడంలో తప్పేం లేదు. కానీ రీల్ ముప్పై సెకన్లే. బండిని మాత్రం మనం రోజూ నడపాలి.

సైలెన్సర్ మార్చేవాళ్లు రెండు రకాలు. సౌండ్ మీద మోజుతో మార్చేవాళ్లు మొదటి రకం. పాత పైపు తుప్పు పట్టి, చిల్లు పడి, కంపెనీ పార్టు ధర చూసి గుండె జారి బయట దొరికేదానికి వెళ్లేవాళ్లు రెండో రకం. ఇద్దరూ చేరేది ఒకే షెడ్డుకి. ఇద్దరికీ అక్కడ చెప్పే మాట కూడా ఒకటే.. ‘పెట్టేద్దాం అన్నా, ఏం కాదు!’ ఏమవుతుందో, ఏం కాదో ముందే తెలుసుకుంటే జేబుకి మంచిది.

అది ఒక్క పైపు కాదు

వెనకాల బంపర్ కింద కనిపించే గొట్టం చివరి ముక్క మాత్రమే. అసలు కథ ఇంజిన్ దగ్గర మొదలవుతుంది. సిలిండర్ల నుంచి వచ్చే వేడి పొగను ఒకచోటికి చేర్చేది మ్యానిఫోల్డ్. అక్కడి నుంచి పొగ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్తుంది. విషవాయువుల్ని చాలావరకు మార్చేసేది ఇదే. ఆ తర్వాత చెవికి చిరాకు పుట్టించే కొన్ని శబ్దాలను తగ్గించే రెజొనేటర్, చివర్లో మిగతా మోతను మింగేసే మఫ్లర్. మనం సైలెన్సర్ అని పిలిచే డబ్బా అదే.

షాపులో మీకు చూపించేవి సాధారణంగా మూడు రకాలు. చివరి మఫ్లర్ మాత్రమే మార్చేది యాక్సిల్ బ్యాక్. కన్వర్టర్ తర్వాత ఉన్న పైపు మొత్తం మార్చేది క్యాట్ బ్యాక్. ఇంజిన్ దగ్గర్నుంచి చివరిదాకా అన్నీ మార్చేది ఫుల్ సిస్టమ్. మూడోదాంట్లో కన్వర్టర్‌కీ చేయి పడుతుంది. ఖర్చు, తలనొప్పి రెండూ అక్కడే ఎక్కువ.

పవర్ పెరుగుతుందా?

‘ఇది పెడితే పికప్ అదిరిపోద్ది’ అని షెడ్డులో చెప్తారు. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే 1.2 లీటర్ల పెట్రోల్ కార్లలో టర్బో లేనిదాన్ని తీసుకోండి. వెనక డబ్బా ఒక్కటి మారిస్తే పవర్‌లో మీరు గుర్తుపట్టేంత తేడా రాదు. సౌండ్ పెరగడంతో స్పీడ్ పెరిగినట్టు అనిపిస్తుంది, అంతే. స్పీడోమీటర్ మాత్రం ఆ మాట చెప్పదు.

అసలు నష్టం పైపు లావు దగ్గర వస్తుంది. లావు పైపు వేస్తే పొగ ఈజీగా పోతుంది కదా, మంచిదే కదా అనుకుంటాం. కానీ చిన్న ఇంజిన్‌కి మరీ లావు పైపు తగిలిస్తే లోపల పొగ వేగం తగ్గిపోతుంది. ముందు వెళ్లిన పొగ తన ఊపుతో వెనక వచ్చేదాన్ని లాక్కెళ్లే పని దెబ్బతింటుంది. దాంతో తక్కువ ఆర్పీఎంలో లాగే శక్తి పడిపోతుంది. సిటీ ట్రాఫిక్‌లో మనం రోజంతా ఉండేది ఆ ఆర్పీఎంలోనే! అమీర్‌పేట సిగ్నల్ దగ్గర కదలడానికి బండి నీరసపడితే, ఖాళీ హైవే మీద ఎంత గర్జిస్తే ఏం లాభం?

టర్బో ఇంజిన్ల లెక్క వేరు. టర్బో దాటాక దారి ఎంత సాఫీగా ఉంటే వాటికి అంత మంచిది. అక్కడ కూడా అసలు లాభం కావాలంటే ఈసీయూ ట్యూనింగ్ చేయాలి. అంటే ఇంజిన్ వారంటీని పణంగా పెట్టినట్టే.

సౌండ్ లెక్క.. మన లెక్క వేరు

డెసిబెల్స్ మామూలు కూడికల్లా పెరగవు. 80 నుంచి 90కి వెళ్తే పది అంకెలు పెరిగాయి, అంతే కదా అనుకుంటాం. నిజానికి శబ్దశక్తి పది రెట్లు పెరిగినట్టు. మన చెవికి అది దాదాపు రెట్టింపు మోతగా వినిపిస్తుంది. అందుకే ‘కొంచెం బేస్ పెంచాం’ అన్న బండి కాలనీ మొత్తాన్ని నిద్రలేపుతుంది.

ఇంకో సంగతి షెడ్డులో ఎవరూ చెప్పరు. దాని పేరు డ్రోన్. కారు ఒకే వేగంతో హైవే మీద పోతున్నప్పుడు క్యాబిన్‌లో ‘ఊఁ..’ అంటూ ఆగకుండా వచ్చే హోరు అది. షెడ్డు ముందు నిలబెట్టి యాక్సిలరేటర్ తొక్కి చూపించినప్పుడు ఇది తెలియదు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేలోపు తల పగిలిపోతుంది. వెనక సీట్లో అమ్మానాన్న కూర్చుంటే సూర్యాపేట దాటకముందే ‘ఏందిరా ఈ మోత?’ అని అడుగుతారు. అందుకే మీ మోడల్‌కి అదే మఫ్లర్ పెట్టించుకున్నవాళ్ల బండిలో ఓ అరగంట హైవే మీద కూర్చుని వెళ్లండి. ఫోన్‌లో రికార్డ్ చేసిన సౌండ్‌ను నమ్మొద్దు. ఫోన్ మైక్‌లో ఆ హోరు సరిగ్గా పడదు.

చప్పుడు తగ్గించే పద్ధతులూ రెండున్నాయి. లోపల అరలు కట్టి, పొగను మలుపులు తిప్పి మోత తగ్గించేది ఒకటి. కంపెనీ సైలెన్సర్లలో ఎక్కువ భాగం ఈ రకమే. చిల్లుల గొట్టం చుట్టూ గ్లాస్ ఊల్ చుట్టి, పొగను నేరుగా పంపేది రెండోది. దీంట్లో ఆ ఊల్ కాలక్రమంలో కాలిపోతుంది, ఊడిపోతుంది. కొన్నప్పుడు గంభీరంగా ఉన్న గొంతు కొన్నాళ్లకి రేకు డబ్బా మోతలా మారడానికి కారణం ఇదే.

దీని జోలికి మాత్రం వెళ్లొద్దు

‘క్యాట్ తీసేస్తే బండి ఫ్రీ అయిపోద్ది’ అని ఎవరైనా చెప్తే, అక్కడి నుంచి బండి తిప్పుకుని వచ్చేయండి. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దగ్గర బీఎస్-6 బండ్లే అమ్ముతున్నారు. ఈ కార్లలో కన్వర్టర్‌కి ముందు, తర్వాత ఆక్సిజన్ సెన్సర్లు ఉంటాయి. కన్వర్టర్ తన పని చేస్తోందా లేదా అని కంప్యూటర్ చూస్తూనే ఉంటుంది. తీసేస్తే డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. పొల్యూషన్ టెస్టులో నెగ్గడం కష్టం. అన్నిటికన్నా ముఖ్యం, అప్పటిదాకా లోపలే మారిపోతున్న కార్బన్ మోనాక్సైడ్ ఇప్పుడు నేరుగా బయటికి వస్తుంది. మన వెనక స్కూటీ మీద వచ్చేవాళ్లు పీల్చేది దాన్నే.

కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలుంటాయి. ‘పాతది ఇక్కడే వదిలెయ్ అన్నా, చెత్తే కదా’ అనే మాట వెనక అసలు సంగతి అది. ఆ చెత్తకి స్క్రాప్ మార్కెట్లో మంచి రేటుంది మరి!

డీజిల్ బండి అయితే డీపీఎఫ్ ఉంటుంది. మసిని పట్టి, కాల్చేసే ఫిల్టర్ అది. సిటీలో చిన్న చిన్న ట్రిప్పులే తిరిగితే నిండిపోయి వార్నింగ్ ఇస్తుంది. దానికి మందు ఫిల్టర్ పీకేయడం కాదు. కంపెనీ మాన్యువల్‌లో చెప్పినట్టు కాసేపు హైవే మీద నడపాలి, లేదా సర్వీస్ సెంటర్లో శుభ్రం చేయించాలి.

చట్టం ఏమంటుంది?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ నిబంధన ప్రకారం ప్రతి వాహనానికీ శబ్దం తగ్గించే సైలెన్సర్ ఉండాల్సిందే. తయారీ దశలో శబ్ద పరిమితులూ ఉన్నాయి. పరీక్షలో మామూలు ప్యాసింజర్ కారు 74 డెసిబెల్స్, 175 సీసీ దాటిన బైక్ 80 డెసిబెల్స్ మించకూడదు. తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్లకి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది.

దొరికితే ఏంటి? అనుమతి లేని మార్పు చేసిన యజమానికి మోటారు వాహనాల చట్టం 182-ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. శబ్దం, పొగ ప్రమాణాలు దాటిన బండిని నడిపితే 190వ సెక్షన్ కింద 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు ఉండొచ్చు. మూడు నెలల పాటు లైసెన్స్ కూడా పోతుంది.

బుల్లెట్ బాబులకి ఈ సంగతి బాగానే తెలుసు. పంజాబ్, ఇండోరి, డాల్ఫిన్, షార్ట్ బాటిల్.. పేరేదైనా చెకింగ్‌లో దొరికితే పోలీసులు విప్పించేస్తారు. విశాఖ, హైదరాబాద్‌లలో అలా పట్టుకున్న సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించిన వీడియోలు మీ ఫోన్‌కీ వచ్చే ఉంటాయి. కార్లకీ చట్టం ఒకటే.

ఇన్సూరెన్స్ సంగతి కూడా చూడాలి. మార్పు చేసిన విషయం కంపెనీకి చెప్పకపోతే, రేపు యాక్సిడెంట్ క్లెయిమ్ దగ్గర అదే అడ్డం పడొచ్చు.

పాతది పోయింది.. ఏది కొనాలి?

తుప్పు పట్టిన పైపు మార్చడం మోజు కాదు, అవసరం. లీటరు పెట్రోల్ కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరి రూపంలో తయారవుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే గొట్టం నుంచి నీటి చుక్కలు కారేది అందుకే. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండిలో సైలెన్సర్ పూర్తిగా వేడెక్కదు. ఆ నీరు లోపలే నిలిచి, రేకును లోపలి నుంచి తినేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పు గాలి బయటి నుంచి తింటుంది.

కాబట్టి రేకు ఏమిటో అడగండి. మామూలు ఇనుము చవక, త్వరగా పోతుంది. 409 గ్రేడ్ స్టెయిన్‌లెస్ చాలా కంపెనీలు వాడేది. పైపైన ఎర్రబడినా ఏళ్ల తరబడి నిలుస్తుంది. 304 గ్రేడ్‌లో క్రోమియం ఎక్కువ, నికెల్ కూడా ఉంటుంది. తుప్పుకి బాగా తట్టుకుంటుంది, ధర కూడా ఎక్కువే. తేడా తెలియాలంటే చిన్న అయస్కాంతం తీసుకెళ్లండి. 409కి గట్టిగా అంటుకుంటుంది, 304కి అంటుకోదు. ‘304 అన్నా’ అని అమ్మేదానికి అయస్కాంతం టక్కున అతుక్కుంటే మీకు అర్థమైపోతుంది!

బిగించేటప్పుడు ఇవి చూసుకోండి:

- పైపు లావు కంపెనీ ఇచ్చినంతే ఉందా? వంపు దగ్గర నొక్కుకుపోయి సన్నబడిందా?
- మీ మోడల్‌కే చేసిన పార్టా, లేక కోసి వెల్డింగ్ చేసి అతికిస్తున్నారా?
- గ్యాస్కెట్లు, రబ్బరు హ్యాంగర్లు కొత్తవి వేశారా? పాతవే వేస్తే గతుకుల రోడ్డు మీద పైపు ఊగి వెల్డింగ్ విరుగుతుంది.
- వేడి తగలకుండా ఉండే రేకు తిరిగి బిగించారా? అది లేకుండా ఎండు గడ్డి మీద బండి ఆపితే మంట అంటుకునే ప్రమాదం ఉంది.
- బిల్లు ఇచ్చారా? దాని మీద మోడల్, వారంటీ రాశారా?

అయిపోయాక ఇంజిన్ ఆన్ చేసి, బానెట్ దగ్గర, కారు కింద వైపు చెవి పెట్టి వినండి. ‘టిక్ టిక్’ అనో ‘స్‌స్’ అనో వినిపిస్తే జాయింట్ దగ్గర లీక్ ఉన్నట్టు. అలాగే తీసుకుపోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. కారు కింద లీకైతే క్యాబిన్‌లోకి రావచ్చు. ముందు తలనొప్పి, వికారం, మత్తు. ఏసీ వేసుకుని ఆపిన కారులో నిద్రపోయినవాళ్లు మళ్లీ లేవని కేసుల వెనక ఉండేది ఈ వాయువే.

చివరగా..

అవసరమై మారుస్తుంటే కంపెనీ పార్టు, లేదా మీ మోడల్‌కి సరిగ్గా సరిపోయే, శబ్దం కంపెనీదాన్ని మించని పార్టు చాలు. సౌండ్ కోసమే అయితే ఒక్కసారి ఆలోచించండి. మీకు కిక్ ఇచ్చే ఆ మోత, నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకున్న పక్కింటాయనకి, అప్పుడే కళ్లు మూసిన పసిపాపకి కూడా వినిపిస్తుంది. నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా శబ్ద పరిమితి 45 డెసిబెల్సే. మీ బండి ఒక్కటే ఆ లెక్క దాటేస్తుంది.

మార్చినవాళ్లూ, మార్చబోయేవాళ్లూ ఒక పని మాత్రం చేయండి. కంపెనీతో వచ్చిన సైలెన్సర్ బాగానే ఉంటే షెడ్డులో వదిలేయొద్దు. ఇంటికి తెచ్చి అటక మీద పెట్టండి. పోలీసులు విప్పించినా, బండి అమ్మాలన్నా, లేదా ఆ మోత మీకే విసుగొచ్చినా మళ్లీ బిగించుకోవడానికి అదే దిక్కు.