గాడిదమాంస నిషేధోద్యమము

గుఱ్ఱపుమాంసము తినుటను మాన్పుటకై కొన్ని దేశములలో ఉద్యమములు జరుగుచున్నవని చెప్పినచో మన విద్యార్థులు నవ్వుదురు. ఇచ్చట గుఱ్ఱమును తినువారెవరు? కాని గుఱ్ఱపుజాతికే చెందిన గాడిద మన కృష్ణా, పశ్చిమగోదావరి, గుంటూరు, ప్రకాశము ప్రాంతములలో మాంసమునకై చంపబడుచున్నది. చాకిరేవునకు తరతరములుగా మూటలు మోసిన జంతువిదియే. (మందబుద్ధియగు బాలుని దాని పేరుతో పిలుచు ఉపాధ్యాయులలో మేమును ఉన్నామని యొప్పుకొనవలెను.)

ఈ మాంసము నడుమునొప్పిని, ఉబ్బసమును పోగొట్టుననియు, దీని రక్తము త్రాగి పరుగెత్తినచో దేహము గట్టిపడుననియు కొందఱి నమ్మకము. వైద్యశాస్త్రమున దీనికాధారము లేదు. పరీక్షింపని పచ్చిరక్తమువలన రోగములంటవచ్చును.

2011 నాటి ఆహారభద్రతా నిబంధనలు మాంసమునకు తగిన జంతువులలో గొఱ్ఱె, మేక, పంది, పశుజాతులను పేర్కొనినవి, గాడిదను పేర్కొనలేదు. కావున దాని మాంసము విక్రయించుట చట్టవిరుద్ధము. జంతుసంరక్షకులు దీనినే ఆధారముగా గొని ఫిర్యాదులు చేయుచు వచ్చిరి. 2022 అక్టోబరులో బాపట్లలో పోలీసులు ఈ మాంసమును పట్టుకొని కొందఱిని నిర్బంధించిరి.

2012లో దేశమున సుమారు 3.2 లక్షలుండిన గాడిదలు 2019 పశుగణన నాటికి 1.2 లక్షలకు తగ్గినవి. లారీలు రాగా పని తగ్గుట యొక కారణము, వధ మఱియొకటి. ఆడగాడిద యించుమించు సంవత్సరము మోసి సాధారణముగా ఒక్క పిల్లనే యీనును. కోతకు తగిన పుట్టుక లేనందున ఇతర రాష్ట్రములనుండి తెచ్చుచున్నారు.

గాడిదలపై బ్రతుకు కుటుంబములు బీదవి. ముసలిపశువును అమ్మక యేమి చేయుదుమని వారడుగుట న్యాయమే. వారిపై కోపింపక, మాంసము విక్రయించుచోటు కనబడినప్పుడు తల్లిదండ్రులు ఆహారభద్రతాధికారికి గాని పోలీసు ఠాణాకు గాని తెలుపవచ్చును.